పందెము బిడ్డది

కొల్లేటి సీమలో ఇంజను చప్పుడు వినబడని ఊరు లేదు. చేపల చెఱువులకు నీరు తోడు డీజిలు ఇంజన్లు, తెల్లవాఱుజామున ఆ నీటిని చిలుకు ఏరేటర్లు, ఐసు నింపిన పెట్టెలతో కలకత్తా వైపు బయలుదేరు లారీలు, కోతల కాలమున మాగాణులలోనికి దిగు యంత్రములు, వీని నడుమ పెరుగు పిల్లలు పలకమీద అక్షరములు దిద్దుకొను వయస్సుననే ఏ ఇంజను కులాసాగా నడచుచున్నదో, ఏది ఆయాసపడుచున్నదో చెవితో పోల్చుకొందురు. ఏలూరులోనో తాడేపల్లిగూడెములోనో అట్టి బాలుడొకడు, లేక బాలిక యొకతె, వేసవి సెలవులకు హైదరాబాదు పోయి, అక్కడి అద్దె కార్టుల ట్రాకుపై పది నిమిషములు తిరిగివచ్చి, "నాన్నా, నేను రేసుల్లో నడుపుతాను" అని అనినచో, ఆ యింటివారు నవ్వి ఊరకుందురు. వారము గడచిన పిమ్మటను బిడ్డ అదే మాట పలుకుచుండినచో నవ్వు ఆగి ఆలోచన మొదలగును. 2023 ఫిబ్రవరి 11వ తేదీన హుస్సేన్‌సాగరము ఒడ్డున ఫార్ములా-ఈ విద్యుత్ కార్ల పందెము జరిగినది మొదలు, అంతవఱకు టీవీ తెరపై మాత్రమే చూచిన ఈ క్రీడ తెలుగునేల నడివీధిలోనికి వచ్చినది గనుక, అట్టి కోరిక పుట్టుటలో వింత లేదు. దానిని ఎట్లు మోయవలెనో తెలియని తలిదండ్రులకొఱకే ఈ నాలుగు మాటలు.

గో-కార్టు అనునది మోటారు వాహనములలో మిక్కిలి నిరాడంబరమైనది. 1956లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున ఆర్ట్ ఇంగెల్స్ అను రేసు కార్ల పనివాడు, పచ్చిక కోయు యంత్రపు ఇంజనును ఒక గొట్టపు చట్రమునకు బిగించి, నాలుగు చిన్న చక్రములు తగిలించి నడపినదే దీనికి ఆది. 1964 నాటికే ఇది ప్రపంచ ఛాంపియన్‌షిప్ గల క్రీడ అయినది. కారునకుండు అంగములలో సగము దీనికి లేవు: పైకప్పు లేదు, తలుపు లేదు, స్ప్రింగులు లేవు, సీటుబెల్టు సైతము లేదు. నేలకు రెండంగుళముల ఎత్తున కూర్చుండిన బిడ్డకు గంటకు అఱువది కిలోమీటర్ల వేగము నూటయిరువదిగా తోచును. వెనుక చక్రములు రెండును ఒకే ఇరుసునకు గట్టిగా బిగింపబడి యుండును. కారులో మలుపు తిరుగునప్పుడు లోపలి చక్రము నెమ్మదిగాను, వెలుపలి చక్రము వడిగాను తిరుగుటకు ఏర్పాటుండును గాని కార్టులో అది లేదు. కావున మలుపులో లోపలి వెనుక చక్రము ఒక్క క్షణము నేలను విడిచి పైకి లేవవలెను. లేవనిచో కార్టు మొండికెత్తి నేరుగా పోజూచును. ఆ చక్రమును లేపునది ముందు చక్రముల వాలు, చట్రము వంగు గుణము, నడుపువాని శరీరభారము. బిడ్డ బరువు తక్కువ గనుక సీటు అఱంగుళము జరిగినను నడక మాఱిపోవును. ఆటవస్తువు వలె కనబడు ఈ బండి నిజమునకు భౌతికశాస్త్రపు పాఠమనుట అతిశయోక్తి కాదు.

ఈ క్రీడలో ముందుగా తెలిసికొనవలసినది చట్టము. పిల్లల కార్టింగు కేవలము మూసిన ట్రాకుపై, శిక్షకుల కనుసన్నలలో, సంరక్షకుల అంగీకారముతో జరుగవలెను. మనదేశమున మోటారు క్రీడలను పాలించునది ఎఫ్.ఎం.ఎస్.సి.ఐ. అను సమాఖ్య, పోటీలో పాల్గొనుటకు దాని లైసెన్సు కావలెను. చెఱువు గట్ల మీదను, కాలువ రోడ్ల మీదను, తెల్లవాఱుజామున నిర్మానుష్యముగానుండు బైపాసు మీదను బిడ్డ చేతికి బండి ఇచ్చు అలవాటు మన జిల్లాలలో కొందఱకు గలదు. అది సాధన కాదు, అపాయము. 2019లో మోటారు వాహనముల చట్టమునకు చేసిన సవరణ ప్రకారము మైనరు వాహనము నడపి నేరమునకు పాల్పడినచో సంరక్షకునికి మూడేండ్ల వఱకు జైలుశిక్షయు, 25,000 రూపాయల జరిమానాయు పడవచ్చును; ఆ బిడ్డకు ఇరువదియైదేండ్లు నిండువఱకు లైసెన్సు రాకపోవచ్చును. రేసుల కలగన్న బిడ్డకు దానికంటె పెద్ద శిక్ష వేఱొకటి లేదు.

పోటీ కార్టింగు వయస్సును బట్టి తరగతులుగా విభజింపబడి యున్నది. మనదేశమున చిరకాలముగా జరుగుచున్న జాతీయ పోటీ రోటాక్స్ మాక్స్ అను ఇంజనుతో నడచు తరగతులది. దానిని అక్బర్ ఇబ్రహీం గారి మెకో మోటార్‌స్పోర్ట్స్ సంస్థ యేండ్ల తరబడి నిర్వహించినది. అందు ఎనిమిదేండ్ల ప్రాయపు పిల్లలకు మైక్రో మాక్స్, దానిపై మినీ, తరువాత జూనియర్, ఆపైన సీనియర్ అను మెట్లు కలవు. 125 సి.సి. టూ-స్ట్రోక్ ఇంజనే అన్నిటికిని మూలము. చిన్నవారి తరగతులలో దాని శక్తిని అణచి యుంచెదరు. ఇంజను లోపలి భాగములను అధీకృత కేంద్రమువారు మూసి సీలు వేయుదురు. ఈ సీలు ధనవంతుని డబ్బునకు కొంత కళ్ళెమువంటిది. ఇంజను విప్పి మార్పులు చేయుటకు ఎవరికిని వీలుండదు గనుక తండ్రి చేతికి మిగులు పనులు కొన్నియే: కార్బురేటరులో జెట్టు, వెనుక చెయిను చక్రపు పండ్ల లెక్క, టైర్ల గాలి, సీటు, చక్రముల నడుమ వెడల్పు. కాని ఆ కొన్ని పనులలోనే ఆదివారపు పందెపు గెలుపోటములు తేలును.

కొల్లేటి సీమ తండ్రికి ఈ విషయమున ఒక పూర్వపుణ్యము గలదు. లూనాలు, రాజ్‌దూత్‌లు, చేతక్ స్కూటర్లు నడచిన రోజులలో బంకు దగ్గఱ పెట్రోలులో ఆయిలు కలిపించుకొన్న తరము ఇంకను మన నడుమ నున్నది. ప్లగ్గు విప్పి దాని మొన రంగు చూచి ఇంజను ఆరోగ్యమును చెప్పగల మెకానిక్కులు ఏలూరు సందులలో నేటికిని కలరు. కార్టు ఇంజనునకును అదే వైద్యము. ట్రాకుపై నాలుగు చుట్లు తిరిగి వచ్చిన పిమ్మట ప్లగ్గు విప్పి చూచినచో, మొన లేత కాఫీ రంగున నున్న గాలికి పెట్రోలు సరిపోయినదని యర్థము. తెల్లగా పాలిపోయిన పెట్రోలు చాలలేదు, ఇంజను కాలిపోవు ప్రమాదము గలదు. మసిపట్టి నల్లగా తడిసియున్న పెట్రోలు మితిమీఱినది. జెట్టనగా గోరంత ఇత్తడి మర, నడుమ సన్నని బెజ్జము. ఆ బెజ్జపు కొలత ఒక్క మెట్టు పెంచుట, ఒక్క మెట్టు తగ్గించుట, ఇంతియే పని. అయినను దానికి ఆకాశమును చదువవలెను. కొల్లేరు సముద్రమట్టమునకు చేరువ. గాలి దట్టము, కాని తేమ బరువు. బెంగళూరు ఇంచుమించు 900 మీటర్ల ఎత్తున నున్నది. అక్కడి గాలి పలుచన, ఆక్సిజను తక్కువ. ఏలూరు గాలిలో కుదిరిన జెట్టు బెంగళూరులో పెట్రోలును మితిమీఱ పోయును. అదే బెంగళూరులో ఉదయపు చలిలో సరిపోయిన జెట్టు మధ్యాహ్నపు ఎండలో సరిపోదు. అందుచేతనే అనుభవజ్ఞుడగు తండ్రి పెట్టెలో జెట్లు వరుసగా పేర్చుకొని, చిన్న నోటుపుస్తకమున వేళ, ఉష్ణోగ్రత, తేమ, జెట్టు అంకె, చుట్టునకు పట్టిన కాలము వ్రాసికొనును. టైర్లలో గాలి పది పండ్రెండు పౌండ్లకు మించదు, అనగా కారు టైరులోని దానిలో మూడవ వంతు మాత్రమే. అందు అఱ పౌండు భేదము సైతము గడియారమున కనబడును.

అయితే ఈ నోటుపుస్తకమున మొదటి మాట బిడ్డది కావలెను. ట్రాకునుండి లోపలికి వచ్చిన బిడ్డ హెల్మెట్టు తీయకముందే, "నాన్నా, రెండో మలుపులో వెనకాల జారిపోతోంది" అని అనును. ఆ మాటను తొందరపడి కొట్టివేయక, ఎక్కడ జాఱినది, బ్రేకు వదలిన పిమ్మటనా, గ్యాసు త్రొక్కినప్పుడా అని అడిగి, బిడ్డ చెప్పినది చెప్పినట్లు వ్రాసికొను తండ్రి సగము పని ముగించినట్లే. యంత్రమును పిరుదులతోను, అరచేతులతోను గ్రహించి దానిని మాటలలో పెట్టగలుగుటయే ఈ క్రీడ నేర్పు విద్యలలో శ్రేష్ఠమైనది. ఎనిమిదేండ్ల బిడ్డకు ఆ భాష ఒక్కనాట రాదు. తండ్రి తానే గడియారము చూచి, తానే తప్పు పట్టి, తానే బండి మార్చివేసినచో ఎన్నటికిని రాదు.

బిడ్డ శరీరరక్షణ విషయమున మాత్రము బిడ్డ అభిప్రాయమునకు తావులేదు. పెద్దల మోటారుసైకిలు హెల్మెట్టు పిల్లలకు పనికిరాదు; దాని బరువు లేత మెడకు భారము. స్నెల్ సంస్థయు, అంతర్జాతీయ ఆటోమొబైల్ సమాఖ్యయు కలసి 2007లో పిల్లల మోటారు క్రీడలకై తేలికైన హెల్మెట్లకు వేఱొక ప్రమాణమును ఏర్పఱచినవి. కొనునప్పుడు ఆ ప్రమాణమునకు నేడు చెల్లు గుర్తు చూచి కొనవలెను, పడి దెబ్బతిన్న హెల్మెట్టును మరల వాడరాదు. సీటుబెల్టు లేని బండి గనుక దొర్లినప్పుడు బిడ్డ బండి క్రింద చిక్కక వెలుపల పడుటయే మేలని ఈ క్రీడ లెక్క. నేల గీఱుకొనకుండ దళసరి సూటు, చేతిజోళ్ళు, చీలమండ కప్పు బూట్లు అందుకే. తఱచుగా దెబ్బతినునవి ప్రక్కటెముకలు. స్ప్రింగులు లేని బండి ప్రతి కుదుపును సీటు అంచు ద్వారా ప్రక్కకు చేర్చును. ప్రక్కటెముకల కవచము లేక బిడ్డను ట్రాకుపైకి పంపరాదు. సీటు వదులుగా నున్నచో కవచమున్నను చాలదు. పెరుగు బిడ్డకు సీటు ఏడాదికొకసారియైనను మార్చవలసి వచ్చుట ఖర్చే గాని దుబారా కాదు. పందెము ముగియగానే బండిని బిడ్డతో సహా తూచెదరు. నియమిత భారమునకు తగ్గిన గెలుపు చెల్లదు. బక్కపలుచని పిల్లల సీటునకు సీసపు దిమ్మెలు బిగించుట అందుకే. ఆ దిమ్మెలను ఎక్కడ బిగించినది సైతము చక్రము లేచుటను మార్చునని ముందు చెప్పిన పాఠమును బట్టి చదువరులు గ్రహింతురు.

పందెపు దినమున తలిదండ్రుల పాత్ర క్రమక్రమముగా సన్నగిల్లును. ఉదయము సాధన, పిమ్మట వరుసక్రమము తేల్చు క్వాలిఫయింగు, ఆపైన ప్రీ-ఫైనలు, చివర ఫైనలు. తల్లి చేతి మజ్జిగయు, ఇడ్లీయు ఏ శక్తి పానీయమునకును తీసిపోవు. ఎండలో సూటు తొడిగిన బిడ్డకు దాహము తెలియకముందే నీరు త్రాగించుట మందులకంటె మేలు. జెండాల భాషను ఇంటిదగ్గఱనే వల్లె వేయింపవలెను: పసుపు కనబడిన ముందు ఆపదయున్నది, ఎవరిని దాటరాదు, ఎఱుపైన పందెము ఆగినది, నీలమైన చుట్టు మించి వచ్చు వడిగలవానికి దారి యీయవలెను, నలుపుపై నారింజ వృత్తమున్న బండిలో లోపమున్నది, లోపలికి రావలెను. ఇంజను స్టార్టయిన పిమ్మట కంచెకు ఈవల నిలుచుటయే తలిదండ్రులకు మిగిలినది. కేకలు వేసినను ఆ హోరులో వినబడవు. చేతులూపినను బిడ్డ చూచిన ఆ చూపు ట్రాకునుండి తప్పినట్లే. తనంత తానుగా నిర్ణయము చేయుటకు మన యిండ్లలో ఎనిమిదేండ్ల బిడ్డకు దొరకు అవకాశములు మిక్కిలి తక్కువ. ఏ మలుపున ఎవరిని దాటవలెను, ఎక్కడ ఓర్చుకొనవలెను అనునది ఆ కొద్ది నిమిషములు బిడ్డ సొంతము. నాకు ఈ క్రీడయందు గల గౌరవమునకు మూలము ఇదియే.

గోదావరి జిల్లాలవారికి పందెమన్న రక్తము ఉప్పొంగును. సంక్రాంతి బరులలో కోడి గెలిచిన మీసము మెలివేయునది కోడి కాదు, యజమాని. బిడ్డ పందెపుకోడి కాదు. మనవాడు ఎన్నవవాడుగా వచ్చెనని బంధువులు ఫోనులో అడుగునప్పుడు తండ్రి గుండెలో రేగు అభిమానము సహజమే. అది తిరుగు ప్రయాణమున కారులో బిడ్డపై కురియరాదు. తప్పులెన్నుటకు శిక్షకుడున్నాడు, అతనికి సోమవారము గలదు. ఆదివారము సాయంత్రము తల్లి అడుగవలసినది "ఆకలేస్తోందా నాన్నా?" అని మాత్రమే. పందెము సంగతి బిడ్డ తానుగా ఎత్తినచో వినవలెను.

పేరుమోసిన ఉదాహరణములు లోకమున చాలగలవు. లూయిస్ హామిల్టన్ తండ్రి ఆంథొనీ, చదువు శ్రద్ధగా సాగిన కార్టింగు సాగించెదనని కొడుకునకు మాటయిచ్చి, ఆ మాట నిలుపుటకు ఒక దశలో ఏకకాలమున పలు ఉద్యోగములు చేసెను. కొడుకు ఫార్ములా-1 పందెములలో ఏడుమార్లు ప్రపంచ విజేత యయ్యెను. మఱియొక ఫార్ములా-1 విజేత షూమాఖర్ తండ్రి రోల్ఫ్ ఇటుకలు పేర్చు మేస్త్రీ. నాలుగేండ్ల కొడుకు పెడలు బండికి మోటారుసైకిలు ఇంజను తగిలించి, పిమ్మట జర్మనీలోని కెర్పెన్ కార్టు ట్రాకులో బండ్లు బాగుచేయు పనికి కుదిరెను, తల్లి అక్కడి క్యాంటీనులో పనిచేసెను. శ్రీనగరు మూలములు గల అతీకా మీర్ అను బాలిక నేడు విదేశపు ట్రాకులపై నడపుచున్నది. ఆమె తండ్రి ఆసిఫ్ మీర్ తానును కార్టు పందెములలో జాతీయ విజేత. వీరందఱికంటె మనకు దగ్గఱివాడు కోనేరు అశోక్. కొల్లేటికి ఆవలివైపునున్న గుడివాడలో పుట్టిన కూతురు హంపికొఱకు అధ్యాపకవృత్తిని వదలి చదరంగపు బల్లముందు కూర్చుండెను; ఆమె 2002లో పదునైదేండ్లకే గ్రాండ్‌మాస్టరయ్యెను. అయినను ఇట్టి కథలు చదువు తండ్రి ఒక విషయము మఱువరాదు: ఉద్యోగము వదలిన తండ్రులలో కథకెక్కినవారు కొందఱే. ఇల్లు తాకట్టు పెట్టి కార్టు కొనుమని నేను ఎవరికిని చెప్పజాలను. బండి, ఇంజను, టైర్లు, ప్రవేశరుసుము, ప్రయాణములు కలసి ఏడాదికి లక్షలలో తేలు క్రీడ ఇది. తొలి ఏడాది అద్దె కార్టులతోను, శిక్షణ శిబిరములతోను గడపి, బిడ్డ ఆసక్తి వానకాలము దాటి నిలిచినదో లేదో చూచి, పిమ్మట పాత చట్రమొకటి కొనుట గృహస్థునకు తగిన మార్గము. ఈ లెక్కలు భార్యాభర్తలిద్దఱును కలసి కూర్చుండి వేయవలెను. ఇంట మఱియొక బిడ్డ యున్నచో ఆ బిడ్డ ఫీజును, ఆ బిడ్డ ఆదివారములను సైతము ఆ లెక్కలో చేర్చవలెను.

ఏలూరు బిడ్డకు అన్నిటికంటె పెద్ద ఖర్చు దూరము. హైదరాబాదు మూడువందల కిలోమీటర్లకు పైబడిన దారి. చెన్నై, బెంగళూరు, కోయంబత్తూరు అంతకంతకు దూరము. కోయంబత్తూరు పేరు తలచినప్పుడు తెలుగువాని మనస్సు కొంత ఉప్పొంగక మానదు. శతాబ్దముల క్రిందట తెలుగుదేశమునుండి వలసపోయిన కుటుంబములు అక్కడ మిల్లులు కట్టి నిలిచినవి. అట్టి లక్ష్మీ మిల్సు కుటుంబమున పుట్టిన సుందరం కరివర్ధన్, మారుతి కారు ఇంజనుతో స్వల్పవ్యయమున రేసుకార్లు తయారుచేసి దేశమునందలి యువకులకు అందించెను. 1995లో విమాన ప్రమాదమున అతడు మరణింపగా, అతని పేరనే చెట్టిపాళెమున కరి మోటార్ స్పీడ్‌వే వెలసినది. 2005లో ఫార్ములా-1 పందెమున పాల్గొనిన తొలి భారతీయుడు నరైన్ కార్తికేయన్ ఆ నగరపువాడే. అతని తండ్రి ర్యాలీ పందెముల విజేత. ఒక ఊరిలో ఒకరిద్దఱు పూనుకొనిన ఏమి జరుగునో దానికి ఆ ఊరు సాక్ష్యము.

మనకు అట్టి తావు లేదా? కొల్లేటిలో మాత్రము వలదు. 1999లో అభయారణ్యముగాను, 2002లో రామ్‌సార్ తడినేలగాను గుర్తింపబడిన ఆ సరస్సునకు చేపల గట్లు చేసిన గాయములే చాలును. గూడబాతులు గుడ్లు పెట్టు నేలకు దాపున టూ-స్ట్రోక్ ఇంజను హోరు తగదు. కాని తాడేపల్లిగూడెమున రెండవ ప్రపంచయుద్ధకాలపు రన్‌వే యొకటి గలదు. యుద్ధము ముగిసి విమానములు పోయిన పిమ్మట ఇట్టి రన్‌వేలు లోకమున ఏమైనవో చూడుడు. ఇంగ్లండులోని సిల్వర్‌స్టోన్ 1943 నాటి వైమానిక స్థావరము. 1950 మే 13న ఫార్ములా-1 ప్రపంచ ఛాంపియన్‌షిప్ తొలి పందెము దానిపైననే జరిగెను. మనకు ప్రక్కనే చెన్నై చేరువ షోలవరము రన్‌వేపై, 1953లో ఏర్పడిన మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్బువారు దశాబ్దములపాటు పందెములు నడపి, 1990లో ఇరుంగాట్టుకోట్టైలో శాశ్వతమైన ట్రాకు నిర్మించుకొనిరి. కార్టు ట్రాకునకు కావలసినది ఇంచుమించు ఒక కిలోమీటరు మెలికల దారి, టైర్ల గోడ, అంబులెన్సు, శిక్షితులైన జెండావారు. అదే పట్టణమున 2015లో ఏర్పడిన ఎన్.ఐ.టి. గలదు, సొంతముగా కార్టులు తయారుచేసి పోటీలకు పోవు ఇంజనీరింగు విద్యార్థులు దేశమంతట నున్నారు. నెలకొక ఆదివారము అధికారుల అనుమతితో, సమాఖ్య నియమములకు లోబడి, ఆ కాంక్రీటుపై పిల్లలకు సాధన ఏర్పాటుచేయుట దుస్సాధ్యమని నేననుకొనను. ట్రాకు ఏబది కిలోమీటర్లలో నున్నచో ఏలూరు బిడ్డ శుక్రవారము రాత్రి బడి సంచితో కారులో నిద్రపోయి శనివారము పరాయి ఊర మేల్కొనవలసిన పని యుండదు. చదువు చెడదు, ఖర్చు సగమగును, ఆడపిల్లను అంతదూరము పంపుటెట్లని తటపటాయించు తల్లికిని ధైర్యము కలుగును.

అంతవఱకు ఈ సీమనుండి పోవు తలిదండ్రులకు దూరపు దారియే గతి. ఆ దారిలో పదునైదవ యేట ఒక కూడలి వచ్చును. ఫార్ములా-4 కార్లకు కనీస వయస్సు పదునైదు. మనదేశమునను ఆ తరగతి ఛాంపియన్‌షిప్ జరుగుచున్నది, కాని కార్టునకైన ఖర్చు దానిముందు స్వల్పమనిపించును. అదే వయస్సున పదవ తరగతి పరీక్షలు, ఇంటరు చేరికలు మన యిండ్లను ఆవరించును. చాలమంది పిల్లలు అక్కడ ఆగిపోవుదురు. ఆగినవారిలో కొందఱు ఇంజనీరింగు వైపు, కొందఱు శిక్షకత్వము వైపు పోవుదురు. ముందుకు పోవుటయో, ఆగుటయో ఇంటి ఆర్థికస్థితి కొంత తేల్చును. ఉన్న డబ్బెంతయో, లేనిదెంతయో దాచక చెప్పి, మిగిలినదానిని బిడ్డనే అడుగవలెను. ఏడేండ్లుగా మలుపు మలుపునను ఏమి జరిగినదో చెప్పుట నేర్చిన బిడ్డ ఆ ప్రశ్నకును స్పష్టముగా బదులు చెప్పగలడు.